నీళ్ళు ఆముదమైన లెక్క

ప్రవాహాల మీద కంప్యూటర్ లెక్కలు చేసేవాళ్ళ మధ్య "పేలిపోయింది" అన్న మాట రోజుకు ఒక్కసారైనా వినబడుతుంది. సాయంత్రం యంత్రానికి అప్పగించి ఇంటికి వెళ్ళిన లెక్కను మర్నాడు ఉదయం తెరిచి చూస్తే, సెకనుకు ఒక మీటరు ఉండవలసిన నీటి వేగం ముప్ఫై అంకెల సంఖ్యగా కనిపిస్తుంది. దాని కింది వరస నుంచి ఫైలు చివరి దాకా "నాన్" అన్న గుర్తు తప్ప మరేమీ ఉండదు. వచ్చిన ఫలితం అసలు సంఖ్యే కాదని యంత్రం చేతులెత్తేసినప్పుడు రాసే గుర్తు అది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఆ గుర్తును చూస్తే నాకు గుండె జారిపోయేది. ఇప్పుడు అంత బాధ లేదు. పేలిన లెక్క తాను తప్పని తానే ఒప్పుకుంటుంది. పేలవలసి ఉండీ పేలకుండా, నున్నటి రంగుల బొమ్మతో రిపోర్టులోకి ఎక్కిన లెక్క ఆ మేలు కూడా చేయదు. అలాంటి లెక్క ఒకటి నా చేతుల మీదుగానే జరిగింది కాబట్టి, దాని కథనూ, దాని వెనక ఉన్న పాత సంగతులనూ ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

చూడడానికి సమస్య చిన్నది. సెకనుకు ఒక మీటరు వేగంతో పారే కాలువలో 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి స్తంభం నిలబెట్టి ఉంది. దాని వెనక నీరు ఎలా కదులుతుంది, ఆ కదలిక స్తంభాన్ని ఎంత బలంగా ఊపుతుంది అన్నది ప్రశ్న. వంతెన మీద నిలబడి కింది స్తంభాల వెనక నీటిని చూసిన వాళ్ళెవరికైనా జవాబులో సగం తెలిసే ఉంటుంది: సుడులు ఒకసారి కుడి పక్క నుంచి, ఒకసారి ఎడమ పక్క నుంచి విడివడి దిగువకు కొట్టుకుపోతుంటాయి. నేను ఆ కాలువను సెంటీమీటరు గళ్ళుగా కోసి, అంటే స్తంభానికి అడ్డంగా పది గళ్ళు వచ్చేలా చేసి, ద్రవాల కదలికను చెప్పే నేవియర్–స్టోక్స్ సమీకరణాలలోని ప్రతి అవకలనం (మార్పు రేటు) స్థానంలోనూ ఇరుపక్కల గళ్ళ విలువల తేడాను ప్రతిక్షేపించి, సెకనులో రెండు వందలో వంతు చొప్పున కాలాన్ని అడుగులుగా ముందుకు నడిపాను. నాలుగు వందల అడుగులు నిండక ముందే లెక్క పేలిపోయింది. కోడ్‌లో తప్పు వెతుకుతూ రెండు రోజులు గడిపాను. కోడ్‌లో తప్పు లేదు.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే, పొరపాటు అనేది ఒక అడుగు నుంచి తరువాతి అడుగుకు ఎలా ప్రయాణిస్తుందో చూడాలి. కంప్యూటర్ ప్రతి సంఖ్యనూ సుమారు పదహారు అంకెల వరకే గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి, ఎంత జాగ్రత్తగా రాసిన కోడ్‌లోనైనా పదహారో స్థానంలో ఒక చిన్న దోషం ఎప్పుడూ ఉంటుంది. ఆ దోషాన్ని రకరకాల పొడవులున్న అలల మొత్తంగా ఊహించి, ఒక్కో అల ఒక్కో అడుగులో ఎన్ని రెట్లవుతుందో విడివిడిగా లెక్కగట్టడం రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా అణుబాంబు కేంద్రమైన లాస్ అలమోస్‌లో గణిత శాస్త్రజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్ అలవాటు చేసిన పద్ధతి. ఏ అలకైనా ఆ గుణకం ఒకటి కంటే పెద్దదైతే ఇక ఆ లెక్కను దేవుడు కూడా కాపాడలేడు. నేను వాడిన పద్ధతిలో, నీరు ఒక అడుగులో సగం గడి దూరం నడిచేటట్టు పెట్టుకుంటే, నాలుగు గళ్ళ పొడవున్న అల అడుగడుగుకూ 1.118 రెట్లవుతుంది. అంటే నూటికి పన్నెండు రూపాయలకు కొంచెం తక్కువ వడ్డీ. అదీ నెలకో ఏడాదికో కాదు, అడుగుకు, చక్రవడ్డీతో. నూరు అడుగులలో అది దాదాపు 70 వేల రెట్లు. పదహారో దశాంశ స్థానంలో పుట్టిన దోషం అసలు వేగమంత పెద్దది కావడానికి సుమారు 330 అడుగులు చాలు. మొదటి రెండు వందల యాభై అడుగుల దాకా బొమ్మలో ఏ లోపమూ కనిపించదు, ఎందుకంటే అప్పటికింకా ఆ అప్పు పైసల్లోనే ఉంటుంది.

ఈ పద్ధతిలో విచిత్రమేమిటంటే, కాలపు అడుగును ఎంత తగ్గించినా, నీటికి ఉన్న కాస్తంత స్నిగ్ధతను, అంటే చిక్కదనాన్ని, పక్కన పెడితే, ఆ గుణకం ఒకటి కిందికి దిగదు. కాగితం మీద చూస్తే ప్రతి ప్రతిక్షేపణా సబబుగానే ఉంటుంది. గడినీ అడుగునూ చిన్నవి చేసుకుంటూ పోతే తేడా సమీకరణం అసలు సమీకరణానికి ఎంతైనా దగ్గరవుతుంది. అయినా దాని జవాబు మాత్రం అసలు జవాబుకు దగ్గర కాదు. సమీకరణం దగ్గర కావడం వేరు, జవాబు దగ్గర కావడం వేరు. ఆ రెంటి మధ్యా ఉన్న వంతెనే స్థిరత్వం. సరళ సమీకరణాల విషయంలో ఈ మాటను పీటర్ లాక్స్, రాబర్ట్ రిక్ట్‌మయర్ 1956లో సిద్ధాంతంగా నిలబెట్టారు. మనం బడిలో నేర్చుకున్న కలనం ఈ ప్రమాదం గురించి ఒక్క మాట కూడా చెప్పదు.

అయితే అడుగు పరిమాణానికి ఒక హద్దు ఉందని అంతకు చాలా ముందే, 1928లోనే, గణిత శాస్త్రజ్ఞులు రిచర్డ్ కూరంట్, కర్ట్ ఫ్రీడ్రిక్స్, హాన్స్ లెవీ ఒక జర్మన్ పత్రికలో ప్రచురించారు. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ లేదు. వాళ్ళ ఉద్దేశం లెక్క చేయడం కాదు; పాక్షిక అవకలన సమీకరణాలకు జవాబులు ఉన్నాయని రుజువు చేయడానికి గళ్ళను ఒక నిచ్చెనలా వాడుకోబోయారు. ఆ దారిలో బయటపడ్డ సంగతి ఇది. ఒక గడి తన తరువాతి విలువను నిర్ణయించుకోవడానికి పక్క గడిని మాత్రమే సంప్రదిస్తుంది. ప్రకృతిలోనేమో, ఆ అడుగు కాలంలో ప్రవాహం ఎగువ నుంచి ఒక కబురు మోసుకొస్తుంది. ఆ కబురు బయలుదేరిన చోటు పక్క గడికి అవతల ఉంటే, లెక్కకు ఆ కబురు అందే దారే లేదు. అందని కబురును బట్టి సరైన జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఒక అడుగులో కబురు నడిచే దూరం ఒక గడిని మించకూడదు. ఆ దూరానికీ గడి వెడల్పుకూ ఉన్న నిష్పత్తినే ఇప్పుడు కూరంట్ సంఖ్య అంటాం. కొత్తవాళ్ళు ఇది ఒకటి లోపు ఉంటే చాలు, లెక్క భద్రం అనుకుంటారు; నేనూ అలాగే అనుకున్నాను. కానీ అది లేకపోతే చెడుతుందని హామీ ఇచ్చే షరతు మాత్రమే, ఉంటే బాగుంటుందని హామీ ఇచ్చేది కాదు. నా మొదటి లెక్కలో ఆ సంఖ్య సగం దగ్గరే ఉంది.

కబురు అన్నప్పుడు ఏ కబురు అన్నది కూడా ముఖ్యం. నీరు సెకనుకు ఒక మీటరు వెళుతుంటే, ఆ నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,480 మీటర్లు వెళుతుంది. సెంటీమీటరు గడిలో నీటి నడక కోసం సెకనులో నూరో వంతు అడుగు సరిపోతుంది గాని, శబ్దాన్ని కూడా లెక్కలో ఉంచితే ఆ అడుగు దాదాపు పదిహేను వందల రెట్లు చిన్నది కావాలి. స్తంభం వెనక సుడుల కోసం వెళ్ళినవాడికి శబ్దంతో పనేమీ లేదు. అయినా గడియారాన్ని అదే నడిపిస్తుంది. అందుకే నీటిని అసలు కుదించడానికి వీలులేని ద్రవంగా భావించి, శబ్దాన్ని సమీకరణాల నుంచే తీసేసి, ప్రతి అడుగులోనూ పీడనాన్ని కాలువ మొత్తానికీ ఒకేసారి పరిష్కరించుకుంటాం. అక్కడ ఇంకో తంటా ఉంది: వేగాన్నీ పీడనాన్నీ ఒకే చోట నిలిపి లెక్క చేస్తే, చదరంగం బల్లలా గడి విడిచి గడి ఎక్కువా తక్కువా అయిన పీడనం లెక్కకు పూర్తిగా సమతలంగా కనిపిస్తుంది. 1965లో హార్లో, వెల్ష్ వేగాలను గడి అంచులకు జరిపి దాన్ని వదిలించుకున్నారు.

అక్కర్లేని అలలను సమీకరణం నుంచే తొలగించడం అనే ఈ ఉపాయానికి వాతావరణ శాస్త్రంలో పెద్ద చరిత్ర ఉంది. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్లేయుడు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో అంబులెన్సు నడుపుతూ, తీరిక దొరికినప్పుడల్లా చేతితో వాతావరణాన్ని లెక్కగట్టేవాడు. ఆయన ఎంచుకున్నది 1910 మే 20వ తేదీ నాటి మధ్య యూరప్. 1917లో షాంపేన్ పోరు సమయంలో ఆ రాతప్రతి తప్పిపోయి, నెలల తరువాత బెల్జియంలో ఒక బొగ్గుల కుప్ప కింద దొరికింది. 1922లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం ఆరు గంటల్లో నేల మీది పీడనం 145 హెక్టోపాస్కల్స్ పెరగాలి. ఆ రోజు నిజంగా జరిగిన మార్పు దాదాపు శూన్యం. ఎంత భయంకరమైన తుఫాను లోపలైనా ఆరు గంటల్లో అంత మార్పు రాదు. తన జవాబు తప్పని తెలిసీ ఆయన దాన్ని దాచకుండా అచ్చు వేయించాడు. ఈ రంగంలో ఆయన మీద నాకున్న గౌరవానికి సగం కారణం అదే.

చాలాచోట్ల రిచర్డ్‌సన్ లెక్క సాంఖ్యిక అస్థిరత వల్ల చెడిందని రాస్తారు. అది సరి కాదు. అస్థిరత పెరగడానికి అడుగులు కావాలి. ఆయన వేసింది ఒకే ఒక్క అడుగు. అసలు కారణం ఆయన మొదలుపెట్టిన విలువల్లోనే ఉంది: గాలులకూ పీడనానికీ మధ్య ఉండవలసిన పొత్తు కొలతల్లో కుదరలేదు, ఆ పొత్తు లేనితనం సెకనుకు మూడు వందల మీటర్ల దరిదాపు వేగంతో పరుగెత్తే గురుత్వ తరంగాలుగా (ఐన్‌స్టీన్ చెప్పినవి కావు, బరువు వల్ల గాలిలో పైకీ కిందికీ ఊగే అలలు) బయటపడింది. పీటర్ లించ్ అనే ఐరిష్ శాస్త్రవేత్త తరువాతి కాలంలో అదే లెక్కను మళ్ళీ చేసి, మొదటి విలువల నుంచి ఆ వేగవంతమైన అలలను వడగడితే సబబైన జవాబే వస్తుందని చూపించాడు. అయితే రిచర్డ్‌సన్ తన మూడు గంటల అడుగులతో ఇంకా ముందుకు పోయి ఉంటే, అప్పుడు అస్థిరత కూడా తన వంతు తాను తీసుకునేది. సుమారు 200 కిలోమీటర్ల గళ్ళకు, ఆ వేగపు అలలకు, అడుగు అరగంట కూడా దాటకూడదు. రెండు జబ్బులు ఒకే ఒంట్లో ఉన్నప్పుడు ఏది చంపిందో చెప్పడం కష్టమే గాని, ఇక్కడ మొదటిదే చంపింది.

1950 మార్చి, ఏప్రిల్ నెలల్లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ నాయ్‌మన్ బృందం అమెరికాలోని అబర్డీన్‌లో ఎనియాక్ యంత్రం మీద తొలి కంప్యూటర్ వాతావరణ సూచన చేసినప్పుడు, గురుత్వ తరంగాలకు తావే లేని సమీకరణాన్ని ఎంచుకున్నారు. గడి వెడల్పు 736 కిలోమీటర్లు. అడుగు ఒకటి నుంచి మూడు గంటలు. మూడు గంటల్లో అంత గడిని దాటాలంటే గాలి సెకనుకు 68 మీటర్ల వేగంతో వీచాలి కాబట్టి, ఆ అడుగు వాళ్ళను ముంచలేదు. ఇరవై నాలుగు గంటల సూచనకు సుమారు ఇరవై నాలుగు గంటలే పట్టింది. రిచర్డ్‌సన్ విఫలమైన చోట వీళ్ళు నెగ్గడానికి యంత్రం ఒక్కటే కారణం కాదు. ఏ అలను లెక్కలోకి రానివ్వకూడదో వాళ్ళు ముందే తేల్చుకున్నారు.

మనవైపు ఇదే హద్దు ఉప్పెన లెక్కల్లో ఎదురవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలమందిని బలిగొన్నది గాలి కంటే ఎక్కువగా సముద్రపు నీరు. ఇప్పుడు ఆ తీరానికి ఉప్పెన హెచ్చరికలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి వస్తాయి. అక్కడ వాడే అడ్సర్క్ అనే నమూనా సముద్రాన్ని త్రికోణాలుగా కోస్తుంది, నడి సముద్రంలో పెద్దవి, తీరం దగ్గర చిన్నవి. లోతుతో పోలిస్తే చాలా పొడవైన ఇలాంటి అలల వేగం నీటి లోతును బట్టి ఉంటుంది: రెండున్నర వేల మీటర్ల లోతులో సెకనుకు సుమారు 157 మీటర్లు, పది మీటర్ల లోతులో సుమారు పది మీటర్లు. సరళమైన పద్ధతిలో చూస్తే, నడి సముద్రంలో ఇరవై కిలోమీటర్ల త్రికోణానికి రెండు నిమిషాల అడుగు సరిపోతుంది, ఒడ్డున నూరు మీటర్ల త్రికోణానికి పది సెకన్లే. బంగాళాఖాతం మొత్తం ఆ చిన్న త్రికోణం అడుగులో అడుగు వేసి నడవవలసిందే. గళ్ళు గీసేటప్పుడు ఏదో ఒక పాయ మూలలో పొరపాటున ఐదు మీటర్ల త్రికోణం దూరితే లెక్క మొత్తం ఇరవై రెట్లు ఆలస్యమవుతుంది, లేదా పేలుతుంది. ఇంకా నీరు పొలాల మీదికి ఎక్కి దిగే చోట, లెక్క తొందరపడి గడిలో ఉన్న నీటి కంటే ఎక్కువ తోడేస్తే లోతు ఋణ సంఖ్య అవుతుంది. అల వేగానికి ఆ లోతు వర్గమూలం తీయబోయిన మరుక్షణం మన పాత మిత్రుడు "నాన్" ప్రత్యక్షమవుతాడు.

అడుగు చిన్నది చేస్తే పోయే అస్థిరత ఉంది, చేసినా పోనిదీ ఉంది. నార్మన్ ఫిలిప్స్ 1956లో ప్రచురించిన వాతావరణ ప్రయోగం, భూగోళపు గాలుల నడకను తొలిసారి కంప్యూటర్‌లో పుట్టించిన ప్రయోగం, ముప్ఫై రోజుల దాకా చక్కగా నడిచి ఆ పైన చెడిపోయింది. అడుగు తగ్గించినా ప్రయోజనం లేదు. కారణాన్ని ఆయనే 1959లో చెప్పాడు. ప్రవాహంలో రెండు అలలు కలిసినప్పుడు వాటి కంటే పొట్టి అల పుడుతుంది. రెండు గళ్ళ కంటే పొట్టి అలను గళ్ళు పట్టుకోలేవు. పట్టుకోలేనిదాన్ని వదిలేస్తే బాగుండును, కానీ అది ఒక పొడవైన అల వేషం వేసుకుని తిరిగి లెక్కలోకి వస్తుంది. సినిమాలో ముందుకు పోతున్న బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేది ఈ వేషం వల్లే. ఆ దొంగ అల తెచ్చే శక్తి ఎక్కడి నుంచీ వచ్చింది కాదు, అయినా పోగవుతూ ఉంటుంది. ఫిలిప్స్ పొట్టి అలలను ఎప్పటికప్పుడు తుడిచేయడంతో సరిపెట్టుకున్నాడు. అకియో అరకావా 1966లో ఇంకా గౌరవమైన దారి చూపించాడు: తేడాలను ఎలా పేరిస్తే గళ్ళ లోకంలో కూడా గతిశక్తి మొత్తం, సుడితనం (ఒక్కో చోట ప్రవాహం ఎంత వేగంగా గిరగిర తిరుగుతోందో ఆ కొలత) వర్గాల మొత్తం చెక్కు చెదరకుండా ఉంటాయో కనిపెట్టాడు. ప్రకృతి ఏ పద్దును సరిచూసుకుంటుందో లెక్క కూడా ఆ పద్దునే సరిచూసుకుంటే, దొంగ సొమ్ము చేరే చోటుండదు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే అందంగా తోచే ఆలోచన ఇది.

నా స్తంభం దగ్గర నేను అంత అందమైన పని ఏమీ చేయలేదు. పక్క బల్ల దగ్గర కూర్చునే సీనియర్ నా తెర వైపు చూసి, "అప్‌విండ్ పెట్టండి, ఆగిపోతుంది" అని సలహా ఇచ్చారు. అంటే ఇరుపక్కల గళ్ళనూ చూడడం మానేసి, నీరు వస్తున్న ఎగువ గడిని మాత్రమే చూడాలి. ఒక్క వరస మార్చాను, పేలుడు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పడం తేలిక: కూరంట్ సంఖ్య ఒకటి లోపు ఉన్నంత కాలం, ఈ పద్ధతిలో గడి కొత్త విలువ తన పాత విలువకూ ఎగువ గడి విలువకూ మధ్య ఒక సగటు అవుతుంది, సగటు ఎప్పుడూ ఆ రెంటినీ దాటి పోదు. హద్దును కొంచెం మీరి 1.1 అయితే మాత్రం, గడి విడిచి గడి పైకీ కిందికీ ఊగే దోషం అడుగుకు 1.2 రెట్లయి, నూరు అడుగుల్లో ఎనిమిది కోట్ల రెట్లవుతుంది. నేను హద్దులోనే ఉన్నాను. స్తంభం వెనక రెండు పొడవాటి సుడులు, ఒకదాని పక్కన ఒకటి, అద్దంలో ప్రతిబింబాల్లా కదలకుండా నిలబడ్డాయి. బొమ్మ ముచ్చటగా ఉంది. దాన్ని రంగుల్లో అచ్చుతీసి రిపోర్టులో పెట్టాను.

ఆ రిపోర్టును పరిశీలించడానికి వచ్చిన పెద్దాయన, నదుల నమూనాల మీద జీవితమంతా గడిపిన ఆచార్యులు, బొమ్మను కాసేపు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమోయ్, నీ కాలువలో పారేది నీళ్ళా, ఆముదమా?"

"నీళ్ళేనండీ."

"అయితే సుడులు ఎందుకు ఊడి రావడం లేదు? పోయి నీ పద్ధతికి స్నిగ్ధత ఎంతో కట్టుకుని రా."

ఆయన హాస్యానికి అన్నారనుకున్నాను. పద్ధతికి స్నిగ్ధత ఏమిటి? కానీ పదే పదే సగటు తీయడమంటే నీళ్ళలో పడ్డ సిరా చుక్కలా పదునును పలచబరచడమే. పదునును పలచబరిచేదే స్నిగ్ధత. అప్‌విండ్ పద్ధతిని టేలర్ శ్రేణిగా విప్పి చూస్తే, అది పరిష్కరిస్తున్నది నేను రాసిన సమీకరణాన్ని కాదని, దానికి అదనంగా ఒక స్నిగ్ధత పదం చేరిన వేరే సమీకరణాన్నని బయటపడుతుంది. ఆ దొంగ స్నిగ్ధత విలువ: వేగాన్ని గడి వెడల్పుతో గుణించి, సగం చేసి, ఒకటిలో నుంచి కూరంట్ సంఖ్యను తీసివేయగా మిగిలినదానితో మళ్ళీ గుణించాలి. సెకనుకు మీటరు, సెంటీమీటరు గడి, కూరంట్ సంఖ్య సగం. జవాబు సెకనుకు 0.0025 చదరపు మీటర్లు. మామూలు నీటి స్నిగ్ధత ఇదే కొలతలో 0.000001. రెండున్నర వేల రెట్లు. ఆముదానిది గది వెచ్చదనంలో సుమారు 0.001. పెద్దాయన చాలా మర్యాదగానే అడిగారన్నమాట. నా కాలువలో పారింది ఆముదానికి రెండింతలకు పైగా చిక్కనైన ద్రవం.

మిగతా లెక్క దానంతటదే తేలిపోయింది. వేగాన్ని స్తంభం వ్యాసంతో గుణించి స్నిగ్ధతతో భాగిస్తే వచ్చే రేనాల్డ్స్ సంఖ్య, అసలు నీటికి ఒక లక్ష. నా ద్రవానికి 40. గుండ్రటి స్తంభం వెనక సుడులు విడివడడం రేనాల్డ్స్ సంఖ్య సుమారు 47 దాటాకే మొదలవుతుంది. ఆ హద్దు కింద నిజమైన ప్రవాహంలో కూడా రెండు సుడులు అద్దంలో బొమ్మల్లా కదలకుండా నిలబడతాయి. నా బొమ్మ తప్పు కాదు, వేరే ద్రవానికి అక్షరాలా సరైన బొమ్మ! అసలు నీటిలో సెకనుకు రెండు సార్లు చొప్పున సుడి విడివడి స్తంభాన్ని ఒకవైపు నుంచి ఇంకోవైపుకు తోయాలి. నా రిపోర్టు ప్రకారం ఆ తోపు శూన్యం. ఆ శూన్యాన్ని నమ్మి ఎవరైనా స్తంభం కట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం ఇప్పటికీ నాకు ఇష్టం లేదు.

ఇక్కడ ఒక సవరణ అవసరం. దొంగ స్నిగ్ధత నిజమైన స్నిగ్ధతలా అంతటా ఒకేలా ఉండదు. వేగం ఎక్కువ ఉన్న చోట ఎక్కువ, నిలిచిన నీటిలో దాదాపు ఉండదు. ప్రవాహం గళ్ళ వరస వెంబడే సాగితే అడ్డంగా పదునును పెద్దగా చెరపదు, గళ్ళకు ఏటవాలుగా సాగితే ఘోరంగా చెరుపుతుంది. కాబట్టి 40 అన్న సంఖ్యను తూకం వేసినట్టు తీసుకోకూడదు. ఏ రాజ్యంలో తిరుగుతున్నామో చెప్పడానికి మాత్రం అది చాలు.

ఆ తరువాత చదివితే తెలిసింది, ఈ గొడవ నాకంటే చాలా పాతదని. ఇరుపక్కల గళ్ళనూ చూసే పద్ధతిలో, ఒక గడి పరిమాణంతో కట్టిన రేనాల్డ్స్ సంఖ్య రెండు దాటితే జవాబులో గడి గడికీ వంకర టింకరలు రావచ్చు. నా గడికి ఆ సంఖ్య పది వేలు. ఆ వంకరలను అణచివేయవద్దు, అవి ఏదో చెబుతున్నాయి అని గ్రేషో, లీ 1981లో ఏకంగా తమ పరిశోధన వ్యాసానికి శీర్షికగానే పెట్టారు. పదునైన మార్పు ఉన్న చోట గళ్ళు చాలడం లేదన్నదే అవి చెప్పే మాట. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ప్రవాహాల మీద నడిపే పత్రిక, లెక్కల్లో దోషం ఎంతో తేల్చి చూపని వ్యాసాలను తీసుకోబోమని 1986లో ప్రకటించి, 1993కల్లా మొదటి తరగతి ఖచ్చితత్వం మాత్రమే ఉన్న పద్ధతులకు, అంటే గడిని సగం చేస్తే దోషం కూడా సగమే అయ్యే అప్‌విండ్ లాంటి వాటికి, తలుపు మూసేసింది. ఆ తలుపు మూసిన కారణం నా బొమ్మలాంటి బొమ్మలే.

స్నిగ్ధతను అరువు తెచ్చుకోవడమే తప్పని నేను అనను. వాన్ నాయ్‌మన్, రిక్ట్‌మయర్ 1950లో విస్ఫోటనాల ఘాత తరంగాలను లెక్కగట్టేటప్పుడు కృత్రిమ స్నిగ్ధతను బాహాటంగా చేర్చారు: ఇంత చేర్చాం, ఫలానా చోట చేర్చాం, తరంగం కొన్ని గళ్ళ మందానికి విస్తరిస్తుంది అని కాగితం మీద పెట్టారు. 1999లో యోస్ స్టామ్ ఎంత పెద్ద అడుగు వేసినా పేలని పొగ లెక్కను సినిమా బొమ్మల వాళ్ళ కోసం తయారు చేశాడు. దాని పొగ త్వరగా మందగిస్తుందని ఆ రంగంలో అందరికీ తెలుసు, రెండేళ్ళకే ఫెడ్కివ్, స్టామ్, జెన్సన్ పోయిన సుడులను తిరిగి ఊదే ఏర్పాటు చేశారు. తెర మీద పొగ పొగలా కనిపిస్తే చాలు, అక్కడ ఎవరి స్తంభమూ ఊగదు. అభ్యంతరమల్లా, చేర్చినట్టు చేర్చినవాడికే తెలియని స్నిగ్ధతతో. నాకు సలహా ఇచ్చిన సీనియర్‌కు కూడా ఆ వరస ధర ఎంతో తెలియదు. ఆయనకు ఇంకెవరో అలాగే చెప్పి ఉంటారు.

మధ్యే మార్గాలు లేకపోలేదు. కొత్త వంకరలు రానివ్వని సరళ పద్ధతి, అంటే అన్ని చోట్లా ఒకే సూత్రం వాడే పద్ధతి, ఏదైనా మొదటి తరగతి ఖచ్చితత్వాన్ని దాటలేదని గొడునోవ్ 1959లో రుజువు చేశాడు. ఆ రుజువులోని "సరళ" అన్న మాటే సందు అయింది: ప్రవాహం నున్నగా ఉన్న చోట రెండో తరగతి పద్ధతిని, పదునైన చోట మాత్రం అప్‌విండ్‌ను, చోటును బట్టి తానే ఎంచుకునే పద్ధతులు 1970లలో వచ్చాయి. బోరిస్, బుక్ 1973లో ఒక దారి, వాన్ లీర్ ఆ దశాబ్దంలోనే ఇంకో దారి తీశారు. నేడు ఏ ప్యాకేజీ తెరిచినా మెనూలో ఇవి ఉంటాయి. కానీ లెక్క పేలినప్పుడు చేయి వెళ్ళేది మాత్రం ఆ మెనూలో మొట్టమొదటి వరసకే.

నేను గడిని నాలుగో వంతు చేసి, రెండున్నర మిల్లీమీటర్లకు తెచ్చి, వాన్ లీర్ రకం పద్ధతితో లెక్కను మళ్ళీ మొదలుపెట్టాను. రెండు దిక్కుల్లోనూ గళ్ళు నాలుగింతలు, దానికి తగ్గట్టు అడుగులు కూడా నాలుగింతలు. మొత్తం పని అరవై నాలుగు రెట్లు. ఆరు నిమిషాల్లో అయిన లెక్కకు ఆరున్నర గంటలు పట్టింది. మొదటి గంటలో అవే రెండు సుడులు అవే చోట్ల నిలబడి ఉంటే నా ప్రాణం ఉసూరుమంది. తరువాత ఎడమ సుడి కొంచెం పొడవు సాగింది, కుడి సుడి దాన్ని తోసుకుని లోపలికి వచ్చింది, కాసేపటికి మొదటిది తెగి దిగువకు కొట్టుకుపోయింది. స్తంభం మీది అడ్డపు తోపు సెకనుకు రెండుకు కాస్త పైగా ఊగింది. నిజమైన ప్రవాహం మూడు దిక్కుల్లో మెలికలు తిరుగుతుంది, నాది రెండు దిక్కుల లెక్క. ఆ తేడాకు కొంత కారణం అక్కడే ఉంది.

కొత్త రిపోర్టు పట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళితే, ఆయన సుడుల బొమ్మను తిప్పేసి చివరి పేజీకి వెళ్ళి, ఈ గడికి పాత అప్‌విండే వాడి ఉంటే దొంగ స్నిగ్ధత ఎంత ఉండేదని అడిగారు. 0.000625 అని చెప్పాను. ఆముదంలో సగానికి పైనే. ఆయన కలం తీసి గడి వెడల్పు, అడుగు, కూరంట్ సంఖ్య అని నేను గీసుకున్న పట్టికలో ఇంకో నిలువు వరస గీసి, పైన "పద్ధతి స్నిగ్ధత" అని రాసి, ఖాళీ గళ్ళను నా వైపు తిప్పారు.